వైరా దాకా వచ్చి

మధిర,
21 అక్టోబరు 2025.

తమ్ముడు యేసుదానానికి,

ప్రభువు పేరిట నీకూ మరదలికీ వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం. నా మోకాళ్ళు మాత్రం ఆ 'అందరం'లో లేవు. ఫోను చేస్తే నీకు వినపడదు, సెల్లులో అక్షరాలు నాకు కనపడవు. కాబట్టి మనిద్దరికీ పోస్టుమ్యానే గతి.

మన స్తుతి పెళ్ళి కుదిరింది. జనవరి ఎనిమిది, గురువారం, మా మధిర చర్చిలోనే. అబ్బాయి పేరు జస్టిన్. ఖమ్మంలో బ్యాంకులో పని. కళ్ళజోడు తీస్తే చక్కగా ఉంటాడు, కాకపోతే తీశాక మనల్ని గుర్తుపట్టడు. మాట నెమ్మది. మన ఇంట్లో అలాంటివాడు ఒకడైనా ఉండాలి కదా.

ఇక అసలు సంగతి. మీ బావే ఉంటే నిన్ను అడిగే పని లేకపోయేది. ఆయన లేరు గనుక పిల్లను చేయి పట్టుకుని చర్చిలో నడిపించుకు రావలసింది మేనమామవైన నువ్వు. పాస్టరుగారు "ఈమెను ఎవరు అప్పగిస్తున్నారు?" అని అడుగుతారు. నువ్వు "నేను" అనాలి. అంతే పని. నిన్న అన్నం ముందు కూర్చుని స్తుతి ఒకటే మాట చెప్పింది. "మామ నడిపిస్తేనే నడుస్త, లేకుంటే ఒక్కదాన్నే పోత." దాని మొండితనం నీకు తెలుసు, అది మన నాయనది.

వెంటనే జవాబు రాయి. తుఫాను వస్తుందని టీవీలో ఒకటే అరుస్తున్నారు, మిద్దె మీద వడియాలు తియ్యాలి.

మీ అక్క
సంపూర్ణ


మణుగూరు,
5 నవంబరు 2025.

అక్కకు నమస్కారాలు.

స్తుతి పెళ్ళి మాట చదివి నీ మరదలు వీధంతా చెప్పి వచ్చింది. నాకూ ఎంతో సంతోషమైంది. దాని గురించి తర్వాత రాస్తాను. ముందు ఒక ముచ్చట చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మన గులాం రసూల్ తెలుసు కదా, బస్టాండు దగ్గర బ్యాటరీల కొట్టు. తుఫాను వెళ్ళిపోయాక అతను ఒక కబురు తెచ్చాడు. సముద్రపు పిట్టలు గాలికి దారితప్పి వైరా రిజర్వాయరులో దిగాయట. ఎప్పుడూ సముద్రం ఒడ్డున ఇసుకలో ఉండేవి, లోకం మొత్తం మీదే కొద్దిగా మిగిలినవి. ఆదివారం పొద్దున్నే రసూల్ వ్యానులో ముగ్గురం బయలుదేరాం. మూడోవాడు హాతీరాం. కండక్టరుగా రిటైరై ఇన్నాళ్ళయినా విజిలు ఇంకా చొక్కా జేబులోనే ఉంటుంది. చర్చి మానేసి వెళ్ళాను, తిట్టకు. నీ మరదలు పులిహోర కట్టింది. రసూల్ భార్య ఫజిలత్ రొట్టెలూ ఖీమా ఇచ్చింది. కొత్తగూడెం దాటకముందే ఖీమా అయిపోయింది.

అక్కా, ఆ పిట్టల్ని నువ్వు చూడాలి! కాకికంటే పెద్దవి. వీపు నలుపు, పొట్ట తెలుపు, ముక్కు నారింజ రంగు. పై ముక్కు పొట్టి, కింది ముక్కు పొడుగు. చిన్నప్పుడు నువ్వు అలిగి కింది పెదవి ముందుకు పెట్టేదానివి చూడు, అచ్చం అట్లా. నీళ్ళకు ఆనీ ఆనకుండా ఎగురుతూ, నోరు తెరిచి ఆ కింది ముక్కుతో నీళ్ళను కోసుకుంటూ పోతాయి. చేప తగిలితే టక్కున నోరు మూస్తాయి. వెనుక నీళ్ళ మీద సన్నటి గీత మిగులుతుంది. బట్టల కొట్టతను తానులోకి కత్తెర తోసినట్టు ఉంటుంది.

హాతీరాం వాటిని చూసి రెండుసార్లు అరిచాడట. రెండుసార్లూ అవి లేచి అవతలి ఒడ్డుకు పోయాయి. రసూల్‌కు ఒళ్ళు మండి, ఇక ఎవరూ నోరు విప్పొద్దని వేలు చూపించాడు. ఎడమ భుజం తడితే ఎడమకు చూడాలి, కుడి భుజం తడితే కుడికి. అరచేయి బోర్లించి మెల్లగా ముందుకు జరిపితే పిట్ట నీళ్ళు కోస్తోందని గుర్తు. పొద్దు వాలేదాకా ముగ్గురం అట్లాగే గడిపాం.

నిజం చెప్పనా? గనిలో డ్రిల్లు పట్టుకుని చెవులు పోగొట్టుకున్నాక నేను ఇంత సంతోషంగా ఉన్న రోజు లేదు. నా కోసం ఎవరూ గొంతు చించుకోలేదు. నేను ఎవర్నీ "ఏంది? ఏమన్నవ్?" అని అడగలేదు. పిట్టల ముందు ముగ్గురమూ చెవిటివాళ్ళమే.

పెళ్ళిలో నా పని గురించి ఆలోచించి రాస్తాను.

నీ తమ్ముడు
యేసుదానం


మధిర,
12 నవంబరు 2025.

యేసుదానానికి,

వందనాలు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వైరా! వైరా నుంచి మధిర ఎంత? బస్సులో కునుకు పట్టేలోపు మా ఊరు వస్తుంది. ఆ పిట్టలు గాలివానకు కొట్టుకుంటూ సముద్రం నుంచి వైరా దాకా వచ్చాయి. వ్యానులో కూర్చుని ఖీమా తింటూ వైరా దాకా వచ్చిన మా తమ్ముడికి ఇంకో అడుగు ముందుకేసి అక్క గడప తొక్కడం చేతకాలేదు. ఆ ఆదివారం నేను కోడికూర వండాను. ఎవరైనా వస్తారేమోనని రెండు ముక్కలు పక్కన పెట్టే అలవాటు నాకు. సోమవారం వాటిని పిల్లికి వేశాను.

పిట్ట ముక్కుకు పేజీన్నర రాశావు. నా కూతురి పెళ్ళికి 'తర్వాత రాస్తాను', 'ఆలోచించి రాస్తాను'. ఆలోచించడానికి ఏముంది ఇందులో? నేను స్వయంగా వచ్చి పిలవలేదనా? బట్టలు పెట్టలేదనా? మన ఇళ్ళల్లో మేనమామను అడిగి పిలవాలా? నీ ఉత్తరం స్తుతికి చదివి వినిపించాను. పిట్టల దగ్గర నవ్వింది. చివరి వాక్యం దగ్గర లేచి వెళ్ళిపోయింది.

సరే. బలవంతం లేదు. మీ బావ తమ్ముడు ఖమ్మంలో ఉన్నాడు, ఆయన అప్పగిస్తాడు. నువ్వు పిట్టల్ని చూసుకో.

మొన్న స్త్రీల సమాజంలో లేచి నిలబడి, "మా తమ్ముడి మనసు కోసం ప్రార్థన చేయండమ్మా" అన్నాను. అంతకంటే నా చేతిలో ఏముంది? తుఫానుకు వడియాలన్నీ తడిసిపోయాయి. అదీ నీవల్లే అనిపిస్తోంది.

సంపూర్ణ


మణుగూరు,
25 నవంబరు 2025.

అక్కకు,

కోపం తగ్గాకే ఈ కవరు చించు. తగ్గకపోతే బియ్యం డబ్బా మీద పెట్టి రేపు చించు.

నీ ప్రార్థన మణుగూరు చేరింది. ఎట్లా చేరిందో విను. శనివారం నేను వెనక వాకిట్లో కూర్చుని చేపలు తోముతున్నాను. నీ మరదలు బజారుకు పోయింది. తల ఎత్తి చూస్తే మా పాస్టరుగారు, వెనకాల ఎనిమిదిమంది. చేతుల్లో యాపిల్ పండ్లు, బ్రెడ్డు. ఇద్దరు ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. నాకు వాళ్ళ మాటలేమీ వినపడవు కదా, ప్రార్థన కూడిక మా ఇంట్లో పెట్టారేమో, నీ మరదలు నాకు చెప్పడం మరిచిందేమో అనుకున్నాను. గబగబా చాపలు పరిచి అందరికీ టీ పెట్టాను. నేను టీ అందిస్తుంటే వాళ్ళకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. తర్వాత నన్ను మధ్యలో కూర్చోబెట్టి, ప్రార్థన చేస్తూ తలకు నూనె రాశారు. చేపల వాసన చేతులతో నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

అప్పుడు నీ మరదలు సంచితో వచ్చింది. ఇంటినిండా జనం, ఏడుపులు, మధ్యలో నేను. సంచీ అక్కడే వదిలేసి ఒక్క కేక పెట్టిందట. నాకు వినపడలేదు గానీ, అందరూ ఒక్కసారి తలలు తిప్పేసరికి నేనూ తిప్పాను. చివరికి తేలిందేమిటంటే, నేను దవాఖానాలో ఆఖరి దశలో ఉన్నానని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారని ఇక్కడ కబురు. పాస్టరుగారు కాగితం మీద రాసి చూపించారు. యాపిల్ పండ్లు వెనక్కి తీసుకోలేదు, బాగున్నాయి.

ఇప్పుడు నవ్వు ఆపి ఇది చదువు.

నువ్వు పిలవలేదని కాదక్కా. పోయిన ఏడాది ఇల్లందులో చిన్నాన్న మనుమడి పెళ్ళిలో నన్ను ఆఖరి ప్రార్థన చేయమన్నారు. మోకాళ్ళు పట్టేసి నువ్వు రాలేదు, అందుకే నీకు తెలియదు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. పాస్టరుగారు నేను ముగించాననుకుని ఆమేన్ అన్నారట. పాట కూడా ఎత్తుకున్నారట. నేను ఒక్కణ్ణే పాట మధ్యలో నిలబడి గట్టిగా ప్రార్థన చేస్తూ పోయాను. ఎవరో చొక్కా పట్టి లాగితే కళ్ళు తెరిచాను. చర్చి చర్చంతా నవ్వుతోంది. చెవిటివాని ముందు శంఖం ఊదితే ఏదో కొరుకుతున్నాడనుకున్నాడట, ఆ సామెత నా కోసమే పుట్టినట్టుంది. ఆ రోజు నుంచి నలుగురిలో నోరు తెరవడం మానేశాను. చర్చిలో వెనక బెంచీలో కూర్చుని పెదాలు కదుపుతాను. చెవి మిషను పెట్టుకుంటే మనిషి మాటకన్నా ఫ్యాను చప్పుడే ఎక్కువ.

స్తుతి పెళ్ళిలో పాస్టరుగారు అడిగినప్పుడు నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడితే? అడగకముందే "నేను" అని అరిస్తే? నవ్వేది నన్ను ఒక్కణ్ణే అయితే పర్వాలేదు. ఆ పిల్ల జీవితంలో ఒక్కసారి వచ్చే రోజు. వైరా నుంచి మధిర రాకపోయింది కూడా అందుకే. వస్తే నువ్వు మొఖం మీదే అడుగుతావు, నేను కాదనలేను.

మీ మరిది అప్పగిస్తాడని రాశావు. మంచిది. ఆయనకు చెవులు బాగా పనిచేస్తాయి. చదివాక మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

యేసుదానం


మధిర,
4 డిసెంబరు 2025.

నా తమ్ముడికి,

నీ ఉత్తరం మొదటి పేజీ చదివి నవ్వలేక చచ్చాను. రెండో పేజీ చదివి ఏడ్చాను. స్తుతి వచ్చి, "అమ్మా, ఏదో ఒకటి చెయ్యి" అంది.

ముందు ఆ ప్రార్థన సంగతి. నేను అడిగింది నీ మనసు కోసమే. మా సమాజంలో ఒకావిడ ఖమ్మంలో ఉన్న చెల్లెలికి చెప్పిందట, "సంపూర్ణమ్మ తమ్ముడికి బాగలేదట" అని. ఖమ్మం చెల్లెలు ఇల్లందులో ఉన్న వియ్యపురాలికి, "పాపం, ఏం తింటలేడట" అని. ఇల్లందు దాటాక నిన్ను దవాఖానాలో చేర్చారు. ఇంకో ఊరు ఉంటే సమాధి కూడా కట్టేవాళ్ళు. మా వాళ్ళకు ప్రేమ ఎక్కువ. ఏం చేస్తాం? నిన్న సమాజంలో లేచి, "మా తమ్ముడు చేపలు తోముకుంటూ క్షేమంగా ఉన్నాడు" అని సాక్ష్యం చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఇక మరిది సంగతి. అది కోపంలో రాసిన మాట. ఆయన్ను నేను అడగనే లేదు. అక్క కోపం ఎంతసేపు ఉంటుందో నీకు ఈపాటికి తెలియకపోతే నువ్వు నాకు తమ్ముడివి ఎట్లా అయ్యావు? నువ్వు అన్నం మానేసిన పూట ఇక్కడ నేనూ సరిగా తినలేదు. ఇల్లందు సంగతి అప్పుడే చెప్పకుండా ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నందుకు మాత్రం నిన్ను తిట్టాలనే ఉంది.

ఇప్పుడు విను. స్తుతి నీ పిట్టల ఉత్తరం మళ్ళీ తీసి చదివింది. చదివి నాతో ఏమందో అట్లాగే రాస్తున్నా. "అమ్మా, వైరా కాడ మామకు చెవులతోటి ఏం పనిపడ్డది? రసూల్ మామ భుజం తట్టిండు, మామ చూసిండు. చర్చిల గూడ గంతే. పాస్టరుగారు అడగంగనే నేను మామ చెయ్యి గట్టిగ నొక్కుత." జస్టిన్‌తో కూడా మాట్లాడిందట. ఆ అబ్బాయి, "మీ మామయ్య ఎంతసేపు తీసుకున్నా నేనెక్కడికీ పోను" అన్నాడట. ఈ సంబంధం నాకు ఇంకా నచ్చింది.

వస్తావా? ఈసారి 'తర్వాత' వద్దు.

అక్క


మణుగూరు,
14 డిసెంబరు 2025.

అక్కకూ స్తుతికీ,

ఈసారి ముందే రాస్తున్నాను. వస్తాను.

చేయి నొక్కడం మాత్రం కుదరదు. పెళ్ళికూతురికి భయం వేస్తుంది, గుమ్మం దగ్గర నుంచే నొక్కుతూ వస్తుంది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు అప్పగించాలా? ఈ సంగతి రసూల్‌కు చూపిస్తే, అతను నా చేతిలోంచి ఉత్తరం లాక్కుని వెనకవైపు రాశాడు, "అరె భాయ్, నేనున్న గద. పాస్టరుసాబ్ పక్కకు కూసుంట. ఆయన అడుగుడు అయిపోంగనే నీళ్ళు కోసే పిట్ట చూపిస్త." హాతీరాం కూడా వస్తానన్నాడు, విజిలు ఇంటి దగ్గర పెట్టి వస్తానని ఒట్టు వేశాడు. ఫజిలత్ కూడా వస్తోంది, నీ మరదలికి తోడు. కాబట్టి రసూల్‌కు ముందు వరుసలో, నాకు ఎదురుగా చోటు ఉంచు. మీ చర్చివాళ్ళు ఏమైనా అంటారా?

వారం నుంచి మా వాకిట్లో రిహార్సలు నడుస్తోంది. నీ మరదలు పెళ్ళికూతురు, హాతీరాం పాస్టరు. పెదాలు చూస్తే అడగాల్సిన దానికన్నా ఎక్కువే అడుగుతున్నట్టున్నాడు. నీ మరదలు నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోతోంది. రసూల్ చేయి మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒక్కటే మనవి. పాట పాడమని అడగొద్దు. "నేను" అంటాను, అంతే. పాటలో పెదాలు కదుపుతాను.

స్తుతికి చెప్పు, తెల్ల చొక్కా కుట్టించుకుంటున్నాను. ఇల్లందులో లాగిన చొక్కా వేసుకోను.

యేసుదానం


మధిర,
12 జనవరి 2026.

తమ్ముడు యేసుదానానికి,

మీ వ్యాను క్షేమంగా చేరిందని మరదలు ఫోను చేసింది. ఇల్లు బోసిగా ఉంది. స్తుతి ఖమ్మం వెళ్ళిపోయింది. మోకాళ్ళు మాత్రం నాతోనే ఉన్నాయి. జస్టిన్ కళ్ళజోడు ఇక్కడే మరిచిపోయాడు, ఇవాళ ఎవరితోనో పంపించాను.

ముందు వైరా గురించి రాస్తాను. పెళ్ళి మర్నాడు నన్ను వ్యానులో ఎక్కించి తీసుకుపోయావు, బాగుంది. నీ సముద్రపు పిట్టలు ఒక్కటీ లేవు, ఎక్కడివక్కడికి వెళ్ళిపోయినట్టున్నాయి. నాకు నీటికాకుల్నీ కొంగల్నీ చూపించి సరిపెట్టావు. అయినా ఆ గట్టు మీద అందరం పులిహోర తింటూ, ఒక్క మాటా లేకుండా భుజాలు తట్టుకుంటూ కూర్చున్న ఆ పూట నాకు ఎంతో నచ్చింది. నువ్వు ఒంటరివాడివయ్యావని ఇన్నాళ్ళూ దిగులుపడ్డాను. వెంట తీసుకుపోయేవాళ్ళు లేనిది నీకు కాదు, నాకేనని అక్కడ తెలిసింది. ఇక మీరు ఎటు బయలుదేరినా మధిర మీదుగా వెళ్ళాలి.

ఇక ఈ ఉత్తరం అసలు ఎందుకంటే, పెళ్ళైన సాయంత్రం నువ్వు నన్ను రెండుసార్లు అడిగావు, "అక్కా, నా గొంతు ఎట్లొచ్చింది?" అని. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. నువ్వు నమ్మలేదు. అందరూ నీకు బొటనవేలే చూపిస్తారు కదా. అందుకే చెవితో విన్నదాన్ని, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

పాస్టరుగారు అడిగారు. రసూల్ అరచేయి బోర్లించి జరిపాడు. నువ్వు "నేను" అన్నావు. తమ్ముడూ, అది బయట చెప్పులు విడిచే చోట నిలబడ్డవాళ్ళకు కూడా వినపడింది. పాస్టరుగారు ఉలిక్కిపడ్డారు. కానీ తడబాటు లేదు, వణుకు లేదు. ఎవరైనా కాదంటారేమో చూస్తా అన్నట్టుంది. మన నాయన గొంతు అది.

ఆ తర్వాత అందరూ నవ్వారు. నీ ముఖం వాడిపోవడం నేను చూశాను. నవ్వింది నీ మీద కాదు. నువ్వు "నేను" అనగానే, హాతీరాం విజిలు లేకపోయినా అలవాటు కొద్దీ చర్చి మధ్యలో లేచి "రైట్! రైట్!" అన్నాడు. అది నీకు వినపడలేదు. పాస్టరుగారు కూడా నవ్వారు. స్తుతి నీ చేయి గిల్లింది అందుకే.

ఇక పాట. పాడనని రాశావు. మొదటి చరణం సగంలో నీకు తెలియకుండానే గొంతు లేచింది. నువ్వు కళ్ళు మూసుకున్నావు. ఎన్నేళ్ళయిందో ఆ గొంతు విని, నా చుట్టుపక్కల పాత వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఉన్నది చెప్పాలి కదా, శ్రుతి అక్కడక్కడా పక్కకు పోయింది. పాట నడకలో నువ్వు వెనుకబడ్డావు కూడా. కీబోర్డు మాస్టారు ఏం చేయమంటారన్నట్టు నావైపు చూశాడు. నేను అరచేయి బోర్లించి మెల్లగా ముందుకు జరిపాను. ఆయనకు మీ పిట్టల భాష తెలియదు, కానీ నెమ్మది అని అర్థమైంది. ఆయన తగ్గించాడు. ఆయన వెంట మేమందరం తగ్గించాం.

పాట అయ్యాక నువ్వు కళ్ళు తెరిచి బెదురుగా చుట్టూ చూశావు, ఇల్లందులోలాగా ఎప్పుడో ఆపేసి నీకోసం చూస్తున్నామేమోనని. లేదు తమ్ముడూ. చివరి మాట దాకా చర్చి చర్చంతా నీతోనే పాడింది. నువ్వు ఎప్పుడు ఆపావో మేమూ అప్పుడే ఆపాం.

నీ అక్క
సంపూర్ణ